అక్కా, చెయ్యెత్తండి!

బడిపిల్లల వ్యాను నడిపే వ్యానక్కకి రొమ్ము క్యాన్సరట, ఆపరేషన్ కూడా అయిపోయిందట, గుట్టుగా దాచారట. మూలింటి పిన్ని చెప్పిందంటూ కుట్టుమిషనావిడ ఈ కబురు వీధి చివరిదాకా మోసింది.

రుజువు లేకుండా పిన్ని మాట్లాడదు. మొన్నామధ్య కొన్నాళ్లు వ్యాను ఇంటిముందు నుంచి కదల్లేదు. మొగుడూ పెళ్లాలు ఆస్పత్రి చుట్టూ తిరిగారు. ఆ తర్వాతే మొగుడి చొక్కా జేబులోని ఫోను మాట్లాడటం మొదలుపెట్టింది.

"అక్కా, నీళ్లు తాగారా? అక్కా, ఆపరేషనైన వైపు చెయ్యి మెల్లగా పైకెత్తండి!"

రొమ్ము క్యాన్సర్ వైద్యం అయినవాళ్లకి మంచి అలవాట్లు నేర్పే యాప్ అట అది. బడిపిల్లలు ఆమెని పిలిచేదీ వ్యానక్కనే, ఫోను పిలిచేదీ అక్కనే. ఇంకేం కావాలి?

మొగుడు వడ్రంగి. గుమ్మంలోకి ముందు మీసం వస్తుంది, తర్వాత మనిషి వస్తాడు. అలాంటివాడు వీధి ఆడవాళ్ల దృష్టిలో దేవుడైపోయాడు. తెల్లారగానే ఆమెతో నడకకి బయల్దేరతాడు. ఆమె దారిలో బల్లమీద చతికిలబడ్డా, తను మాత్రం పార్కు చుట్టి వస్తాడు. గోడకెదురుగా నిలబడి, వేళ్లు పైపైకి పాకిస్తూ చెయ్యెత్తుతాడు. "చూపిస్తేగాని చెయ్యదేమో పాపం" అనుకున్నారు. సిగరెట్టు మానేశాడు. మందు మానేశాడు. ఒంటిమీద బనియను కూడా లేకుండా రంపం లాగే మనిషి, మండుటెండలోనూ చొక్కాకి మెడదాకా గుండీలు పెట్టేస్తున్నాడు.

"పెళ్లానికి జబ్బు చేశాక మర్యాదొచ్చింది" అని మెచ్చుకుంది పిన్ని.

బుద్ధి రానిది వ్యానక్కకే. ఓ మధ్యాహ్నం స్టీరింగు ముందు కూర్చుని ఐస్‌క్రీమ్ తింటూ పిన్నికి దొరికిపోయింది.

"ఏమే, నీకోసం ఆయన నోరు కట్టుకుంటే, నువ్విక్కడ లాగిస్తున్నావా?"

"నాకేం పిన్నీ, గుండ్రాయిలా ఉన్నాను" అంటూ చెంచా నాకింది వ్యానక్క.

దాని గుండె నిబ్బరానికి పిన్ని కళ్లొత్తుకుంది.

కబురు బడిదాకా పాకనంతవరకూ అంతా బాగానే ఉంది. ఆదివారం పిల్లల తల్లిదండ్రులు కట్టగట్టుకుని ఇంటికొచ్చారు. వాళ్లకి ముందు పిన్ని.

"ఏమీ అనుకోకమ్మా" ఓ తండ్రి నసిగాడు. "ఆపరేషనైన చేత్తో స్టీరింగు తిప్పాలంటే... పిల్లలు కదా, మాకు భయం. రేపట్నుంచి వేరే వ్యాను చూసుకుంటాం."

వ్యానక్క ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఆ వ్యానే ఆమె బతుకు. చంటిపిల్లకి స్నానం చేయించినట్టు రోజూ కడుగుతుంది దాన్ని. ఏదో అనబోయింది. మొగుడి వంక చూసింది. ఎప్పుడో వేసిన ఒట్టు గుర్తొచ్చినట్టు నోరు మూసుకుంది.

సరిగ్గా అప్పుడే వడ్రంగి జేబు కూసింది. "అక్కా, చెయ్యెత్తండి!"

"ఎత్తవే, వీళ్లూ చూస్తారు" అంది పిన్ని జాలిగా. "చెవిదాకా లేస్తే వ్యాను నీదే."

ఏ చెయ్యెత్తాలో తెలియనట్టు వ్యానక్క రెండు చేతులకేసీ చూసుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

వడ్రంగి ఆ కళ్లకేసి చూశాడు. ఓసారి మీసం దువ్వుకున్నాడు.

"వ్యాను నడిపేది మా ఆవిడ పిన్నీ, రొమ్ము తీయించుకున్న అక్కని నేను."