నునుపు

"తలుపు తియ్యవే!"

స్నానాలగది తలుపు మీద తల్లి రెండు చేతులతో బాదింది. లోపల నీళ్ళ చప్పుడు ఆగింది. పెద్దకూతురు తువ్వాలు చుట్టుకుని గడియ తీసింది. మోకాళ్ళ మీదుగా తడి కాఫీపొడి కారుతోంది. చేతిలో గరుకు బ్రష్షు. తెల్లటి గచ్చంతా మరకలు.

"ఏంటీ అవతారం?"

"ఇలా రుద్దితే తొడల మీద గుంటలు పోతాయటమ్మా."

తల్లికి ఒళ్ళు మండింది. ఇక నోరు ఆగలేదు.

"చిన్నది లాండ్రీలో ఆవిరి గొట్టం పగిలి, మొహం, ఒళ్ళూ కాలి, హాస్పిటల్లో మూలుగుతుంటే నీకు తొడల సింగారం ఎలా బుద్ధి పుట్టిందే? ఇద్దరూ ఒక్క కడుపులో ఒక్కసారే పెరిగారు. పసితనంలో ఎవరికి పాలు పట్టానో, ఎవరికి పట్టలేదో నాకే తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది, ఎవరెలాంటివాళ్ళో!"

పెద్దది తలొంచుకుని విన్నది.

"సోమవారం లోపల పోవాలమ్మా ఇవి," అంది.

సోమవారం సంగతి తల్లికి తెలియక కాదు. పెద్దది ఈత నేర్పే టీచరు. మరమ్మతులని మూసేసిన ఈతకొలను సోమవారం తెరుస్తున్నారు. చిన్నదాని ఆపరేషన్ కూడా ఆ రోజే.

"ఇన్నేళ్ళూ ఆ తొడలతోనే నేర్పావుగా. పిల్లలు మునిగిపోకుండా చూసుకుంటారు గానీ టీచరు తొడలు చూస్తారా?"

"నాకెప్పుడూ అవి అడ్డనిపించలేదమ్మా."

"మరిప్పుడేమొచ్చింది?"

పెద్దది మళ్ళీ బ్రష్షు ఆనించి, చర్మం ఎర్రబడేదాకా రుద్దుకుంది.

కాఫీపొడితో పని కాలేదు. ఆ తర్వాత ఇంట్లోకి బొడిపెల రోలరు వచ్చింది. టీవీ ముందు కూర్చుని, పిండి వత్తినట్టు తొడల్ని వత్తుకునేది. అదీ అయ్యాక ఏదో మంటెత్తే క్రీము రాసి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టుకుని, పళ్ళు బిగపట్టి హాల్లో అటూ ఇటూ తిరిగేది. అడుగు వేసినప్పుడల్లా కాగితం చప్పుడయ్యేది. ఆ చప్పుడు వినలేక తల్లి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఒళ్ళంతా కట్లతో ఒకతె, ఒళ్ళంతా షోకులతో ఇంకొకతె. ఏ తల్లికీ ఇలాంటి గతి పట్టకూడదనుకుంది.

ఆదివారం హాస్పిటల్ నుంచి తిరిగొస్తుంటే, బ్యూటీ పార్లర్ ముందు పెద్దదాని స్కూటర్ కనిపించింది. తల్లి తిన్నగా లోపలికి వెళ్ళి తెర పక్కకి లాగింది. పెద్దది బల్ల మీద పడుకుని ఉంది. ఒకమ్మాయి ఆమె తొడలకి గాజు కప్పులు తగిలించి మెషీన్ నడుపుతోంది. కప్పు లోపలికి కండ ఉబికి వస్తోంది.

"ఇవి అందరికీ ఉంటాయండీ," అంటోంది ఆ అమ్మాయి. "పూర్తిగా పోతాయని మాటివ్వలేను. ఇంతకంటే గట్టిగా పెడితే కమిలిపోతుంది."

"పెట్టండి. నా నొప్పి సంగతి చూడకండి. పైపైన నునుపైతే చాలు."

"సిగ్గు లేదటే నీకు!" తల్లి అరుపుకి ఆ అమ్మాయి ఉలిక్కిపడి మెషీన్ ఆపేసింది. "పొద్దున చిన్నది నన్నేమడిగిందో తెలుసా? 'ఒక్కసారి అద్దం ఇవ్వమ్మా' అంది. ఇవ్వలేక బయటికొచ్చి ఏడ్చాను. అక్కడ అది అద్దం చూసుకోలేక చస్తుంటే, నువ్వు..."

పెద్దది కింది పెదవి గట్టిగా కొరుక్కుంది. కప్పు నొప్పికో, ఆ మాటకో తల్లికి తెలియలేదు.

"రేపు నేనూ వస్తానమ్మా హాస్పిటల్‌కి."

"ఆ ఛాయలకి రాకు. నాకు ఒక్కతే కూతురనుకుంటాను."

ఇంటికి నడిచినంతసేపూ తల్లికి ఏడుపు ఆగలేదు. కన్నబిడ్డని ఎంత మాట అన్నానని దుఃఖం. అయినా ఆ మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

సోమవారం పొద్దున చిన్నదాన్ని ఆపరేషన్ థియేటర్లోకి తీసుకెళ్ళారు. తలుపులు మూసుకున్నాక తల్లి వరండాలో ఇనుప కుర్చీ మీద కూలబడింది. పెద్దది నిజంగానే రాలేదు. రమ్మంటే మాత్రం వచ్చేదా అనుకుంది. ఒక్కతే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"కొంచెం జరగండమ్మా."

నర్సు ఇంకో స్ట్రెచర్ తోసుకొస్తోంది. దాని మీద హాస్పిటల్ గౌను వేసుకుని, జుట్టుకి టోపీ పెట్టుకుని పెద్దది పడుకుని ఉంది.

తల్లి కోపం ఎటు పోయిందో పోయింది. పరుగున వెళ్ళి స్ట్రెచర్ పట్టుకుంది.

"ఏమైందే నీకు? వద్దు వద్దంటే విన్నావా? ఆ క్రీములూ కప్పులూ ఏం చేశాయే తల్లీ నిన్ను?"

"నాకేం కాలేదమ్మా. చెబితే ఒప్పుకోవని చెప్పలేదు."

నర్సు స్ట్రెచర్‌ని పక్క గదిలోకి తోసి చుట్టూ తెర లాగింది. తల్లి కూడా వెనకే వెళ్ళింది. చేతిలో గుర్తులు పెట్టే పెన్నుతో డాక్టరు వచ్చి, గౌను అంచు పక్కకి తొలగించాడు. పెన్ను మూత తియ్యబోయి ఆగిపోయాడు. తొడల మీద గుండ్రంగా, ఊదారంగులో కమిలిన మచ్చలు.

"ఇదేంటమ్మా? నేను చూసినప్పుడు ఇవి లేవే! ఏం చేసుకున్నారు?"

పెద్దది మోచేతుల మీద లేచి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఎంత చేసినా గుంటలు పూర్తిగా పోలేదు డాక్టర్‌గారూ... ఈ చర్మం తీసి మా చెల్లి మొహానికి వేశాక, అవి దాని మొహం మీద కనిపించవు కదా?"