పాపను దాచే ఆట

"దెయ్యానికి దొరక్కుండా ఈ పాపను కాపాడితే గెలిచినట్టే నాయనా," అంటూ జయంతి తాను తయారుచేసిన గేమ్ ముందు తండ్రి ఢిల్లీబాబును కూర్చోబెట్టింది.

తెర మీద చీకటి ఇల్లు. ఆటలో దూరంగా పాకాల రైలు కూసింది. గేటు చప్పుడయ్యే లోపల పాపను దాచాలి.

మంచం కింద దాచినాడు. దొరికిపోయింది. బీరువాలో దాచినాడు. దొరికిపోయింది. పాప కేక విన్నప్పుడల్లా ఆయన మళ్లా మొదటి నుంచి ఆడినాడు.

"ఈ తూరి సూడమ్మా," అని పాపను దేవుడి గదిలోకి ఉరికించినాడు. "దెయ్యం ఈడికి రాదు."

గేటు తెరుచుకునింది. అడుగులు వాకిట్లో ఆగినాయి. చెంబుతో నీళ్లు పోసుకున్న చప్పుడు. తడి అడుగులు నేరుగా దేవుడి గదిలోకే వచ్చినాయి. ఆ తర్వాత బెల్టు విప్పిన చప్పుడు.

"ఇదేం దెయ్యం? కాళ్లు కడుక్కోని వస్తాదా!" ఢిల్లీబాబు కూతురి వైపు తిరిగినాడు. "ఈ బిడ్డను యాడ దాస్తే బతుకుతాది? చెప్పు!"

"నాకూ తెలీదు నాయనా. నేను దాక్కున్న చోట్లన్నీ ఇందులో పెట్టినాను," అనింది జయంతి. "నువ్వెప్పుడూ కాళ్లు కడుక్కోనే లోపలికొస్తా ఉంటివి."