మార్పుల శ్రవణం

పూర్వం ఏడాదికొకసారి ఉగాది నాడు పంచాంగం వినేవారట. హైమవతి వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో మాత్రం రోజూ తెల్లవారగానే అందరూ పార్కింగులో చేరి, ఇంట్లో సామాన్లను పిలిచే మాటల్లో ఏవేవి మారాయో వింటారు. పొయ్యి నుంచి కుళాయి దాకా అన్నీ సరైన మాట అంటేనే పనిచేస్తాయి. వాటిని నడిపే సాఫ్ట్‌వేర్‌ను ఎక్కడెక్కడి మహానుభావులో ఉచితంగా రాస్తారు, ఉచితంగానే మార్చేస్తుంటారు.

నిన్న జ్వరమొచ్చి హైమవతి కిందికి దిగలేదు. పొయ్యిని పాత మాటతో బతిమాలి బతిమాలి, చివరికి పిల్లలకి అటుకులు నానబెట్టి పెట్టింది. కొత్త మాట 'వెలుగు' అని సాయంత్రం పక్కింటావిడ చెబితేగానీ తెలియలేదు. అందుకే ఇవాళ అందరికంటే ముందొచ్చి కూర్చుంది.

జాబితా చదివే సోమయాజులు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "పొయ్యిని ఇకమీదట 'వెలుగు' అనకూడదు. 'ప్రజ్వరిల్లు' అనాలి."

"నిన్ననే కదండీ పెట్టారు! దానికేం రోగం?" అంది హైమవతి.

"రోగమేం లేదమ్మా. ఇదైతే వినసొంపుగా ఉందట."

"మా అత్తగారికి పళ్ళే లేవు. ఆవిడ నోరెలా తిరుగుతుంది?"

"అభ్యంతరాల గడువు నిన్నటితో అయిపోయింది తల్లీ."

హైమవతి 'ప్రజ్వరిల్లు, ప్రజ్వరిల్లు' అని జపించుకుంటూ లేచింది.

"ఆగమ్మా, ఆఖరిదొకటుంది," అన్నారాయన నీరసంగా. "రేపటి నుంచి ఈ జాబితా కూడా పాత మాటకి తెరుచుకోదట."

"మరి కొత్త మాటేమిటండీ?"

"రేపటి జాబితాలో రాస్తారట."

హైమవతి తిన్నగా సందు చివరి కొట్టుకెళ్ళి బస్తాడు అటుకులు తెచ్చుకుంది.