ఎవరి తరఫున

నరసింగరావు మళ్లీ ఫోను పట్టుకుని మేడ మీదికి వెళ్లాడు.

ఆరేసిన బట్టలు తెచ్చే వంకన యమున మెట్లెక్కింది. సగంలోనే ఆగిపోయింది.

“ఇంటి దగ్గర నేను సూసుకుంటానండి. ఇసయం పెద్దది కానివ్వను. మీరు కంగారు పడకండి.” మొగుడి గొంతు మెత్తగా, బతిమాలుతున్నట్టు వినిపించింది.

ఎవరితో మాట్లాడుతున్నాడని ఆమె అడగలేదు. అడిగితే నోటికొచ్చిన పేరు చెబుతాడు. బడులు తెరిచినప్పటి నుంచీ ఇదే వరస.

కిందికి వచ్చేసరికి ఎనిమిదేళ్ల కూతురు కుసుమ గుమ్మంలో కూర్చుంది. ఒంటి మీద యూనిఫాం. పొద్దున్న వేసుకుంది, సాయంత్రమైనా విప్పనివ్వలేదు. పిల్లకి పుట్టుకతోనే ఎడమ కాలు సరిగా లేదు, ఈడుస్తూ నడుస్తుంది. మాట ముద్దగా వస్తుంది. చదువు తోటి పిల్లల కంటే నెమ్మదిగా వస్తుంది. కానీ వస్తుంది.

సెలవులయ్యాక బడికి వెళ్లింది నాలుగు రోజులే. ఆ వారమే క్లాసు టీచరు అనూరాధ ఫోను చేసింది. తోటి పిల్లల అమ్మానాన్నలు గొడవ చేస్తున్నారట. కుసుమని ఇంటి దగ్గరే ఉంచితే హాజరు బడివాళ్లే వేసేస్తారట. పై క్లాసుకి కూడా పంపేస్తారట.

“ఎవరి మాట ఇది?” అంది యమున.

“పైనుంచి సెప్పారు మేడమ్.” టీచరు గొంతు తగ్గించింది. “మీకు నేను సెప్పాల్సిందేటుంది?”

ఆ చివరి మాట యమున చెవిలో ముల్లులా ఉండిపోయింది.

ఆ పూట భోజనాల దగ్గర టీచరు ఫోను సంగతి ఎత్తితే నరసింగరావు తలెత్తలేదు.

“ప్రైవేటు స్కూలంటే అంతేనే. పేరు సూసుకుంటారు. కొన్నాళ్లు ఇంటి దగ్గరుంటే ఏటైపోతాది?”

“కొన్నాళ్లంటే ఎన్నాళ్లు?”

ఆయన మజ్జిగ పోసుకున్నాడు.

కూతురంటే ఆయనకి ప్రాణం. పొద్దుగూకితే ఆ కాలికి నూనె రాసి ఒత్తేది ఆయనే. అలాంటి మనిషి ఇప్పుడు పిల్ల లేవకముందే ఇంట్లోంచి వెళ్లిపోతున్నాడు.

మేడ మీది మాటలు విన్న మర్నాడు యమున ఒక్కతే గరివిడిలో విజయనగరం బస్సెక్కింది. న్యాయ సేవాధికార సంస్థ వాలంటీరు భాగ్యవతి అంతా ఓపిగ్గా విని ఫిర్యాదు రాసిపెట్టింది.

“లోపముందని పిల్లని బయట పెట్టే హక్కు గుర్తింపున్న ఏ బడికీ లేదమ్మా. చట్టముంది. ముందు రెండు పక్షాల్నీ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. అక్కడ తెగలేదనుకో, వికలాంగుల కమిషనరు దగ్గరికెల్లొచ్చు. మీ ఆయన సేత కూడా సంతకం పెట్టిద్దామా?”

“వద్దు. ఆయనకి అప్పుడే తెలీకూడదు.”

భాగ్యవతి తలెత్తి చూసింది. రాసిన కాగితం మరోసారి మొదటి నుంచి చదువుకుంది. సంతకం పెట్టమని పెన్ను యమునకే అందించింది.

నోటీసు బడికి చేరిన రోజు నరసింగరావు అన్నం ముట్టలేదు. యమున చెప్పలేదు. ఆయన అడగలేదు. ఆయనకి తెలిసిపోయిందని మాత్రం ఆమెకి అర్థమైంది.

మర్నాడు బీరువా తలుపు తెరిచి ఉంది. చీరల మడతలు చెదిరి ఉన్నాయి. కుసుమ వైకల్యానికి సాక్ష్యంగా ఉన్నదల్లా ఆస్పత్రివాళ్లిచ్చిన సదరం సర్టిఫికెట్టొక్కటే. యమున దాన్ని ఎప్పుడో బియ్యం డబ్బా అడుక్కి చేర్చింది.

“ఏటి దాస్తన్నావు?” అన్నాడాయన వెనక నుంచి.

“మీరేటి ఎతుకుతున్నారు?”



సంస్థవాళ్లు రమ్మన్న రోజు ఆమె కంటే ముందే ఆయన తయారై కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన బూట్లు.

“బస్సెందుకు? బండి మీద ఎల్దాం. నేనూ రావాలి కదా.”

అక్కడికొచ్చి ఏం చెబుతాడు? పిల్ల ఇంట్లోనే బాగుందంటాడా? పెళ్లానికి పంతం ఎక్కువంటాడా? దారంతా ఆయన వీపు చూస్తూ యమున ఇదే ఆలోచించింది.

నెల్లిమర్లలో టీకి ఆగారు. కుసుమ బడ్డీ మీది బోర్డు వేలితో చూపిస్తూ కూడబలుక్కుంది. “టీ... టి... ఫి... ను.” నరసింగరావు విన్నాడు. గ్లాసు పక్కన పెట్టి రోడ్డు కేసి తిరిగాడు.

“ఇప్పటికైనా ఎనక్కి తీసుకోవే. ఇది తిరిగి తిరిగి మన ఇంటి మీదికే వస్తాది.”

“కుసుమ క్లాసులో కూర్చుంటే ఈ నిమిషం తీసుకుంటాను.”

“మిగతావాళ్లు ఊరుకోరు. నీకు తెల్దా?”

“తెలుసు. ఊరుకున్నది ఇదొక్కర్తే కాబట్టి దీన్నే ఇంట్లో పెట్టారు.”

ఆయన బండి స్టార్టు చేశాడు.

విజయనగరంలో వాళ్లని కూర్చోబెట్టిన గదిలో పొడవాటి బల్ల, దానికి అటూ ఇటూ కుర్చీలు ఉన్నాయి. యమున ఒక వైపు కూర్చుంది. ఆమె పక్కన కుసుమ, కుసుమ పక్కన నరసింగరావు. పిల్ల ఆయన వేళ్లు పట్టుకుని ఒక్కొక్కటే లెక్కపెడుతోంది. అవతలి కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. యమున వాటి కేసి చూసింది. తర్వాత మొగుడి కేసి చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

మధ్యవర్తిగా వచ్చిన లాయరమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, పిల్ల తరఫున తల్లి హాజరైనట్టు రాసుకుంది.

“స్కూలు తరఫున కరస్పాండెంటు గారు వచ్చారా?” అని ఆమె అడగ్గానే, నరసింగరావు కుసుమ చేతిలోంచి తన వేళ్లు నెమ్మదిగా విడిపించుకుని లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి అవతలి కుర్చీలో కూర్చున్నాడు.