గుడ్డి రొయ్యల చుట్టరికం

“కదలకండి తాతా, దీపం ఊగుతోంది!”

గుహ అడుగున మోకాటి లోతు నీళ్లలో వంగి, జీవశాస్త్రవేత్త డాక్టర్ బ్రినా వల పైకి తీసింది. అందులో గోరంత రొయ్య. తెల్లగా, లోపలి పేగు కనిపించేంత పలచగా ఉంది. కళ్లు లేవు.

దీపం పట్టుకున్న ఓజ్బెయ్‌కి డెబ్బై మూడేళ్లు. స్లొవేనియాలోని ఆ కొండ ఊళ్లో గుహ దారులన్నీ తెలిసినవాడు అతనొక్కడే. కొండను పేల్చి రాయి తీయడానికి ఒక క్వారీకి అనుమతి వచ్చింది. పేలిస్తే గుహతో పాటు ఊరికి నీళ్లిచ్చే ఊటా పోతుంది. దేశంలో మరెక్కడా లేని జీవి అక్కడుందని తేలితేనే పని ఆగుతుంది. అందుకే ఊరంతా బ్రినా మీదే ఆశ పెట్టుకుంది.

“అమ్మాయ్, ఈ రొయ్యల సంగతి నీకొకటి చెప్పాలి.”

“డ్రాగన్ ఒంటి మీది పేలు ఇవి, అంతేగా? పోయిన గుహలోనూ ఒక ముసలాయన చెప్పాడు.”

“అది కాదు...”

“కథలు తర్వాత తాతా. ముందు దీని కాళ్లు లెక్కపెట్టనివ్వండి.”

అతను దీపం సరిచేశాడు.

నాలుగు నెలలకు ఆమె కాగితాలు ఊపుకుంటూ ఇంటికే వచ్చేసింది. ఓజ్బెయ్ భార్య మిల్కా సూప్ వడ్డిస్తోంది.

“పక్క కొండ గుహలోనూ గుడ్డి రొయ్యలున్నాయి కదా, చూడ్డానికి వీటికి కవలల్లా! కానీ రెంటికీ దగ్గరి చుట్టరికమే లేదు!”

“అవీ గుడ్డివే, ఇవీ గుడ్డివేగా?” అంది మిల్కా.

“చీకట్లో ఉంటే ఎవరి కళ్లు వాళ్లకి విడివిడిగా పోతాయమ్మా. మొహం చూసి వంశం చెప్పలేం, జన్యువులు చూడాలి. వీటి దాయాదులు హెర్సెగోవినాలో ఉన్నాయి. నాలుగు వందల కిలోమీటర్ల అవతల! మన దేశంలో ఈ వంశం ఉన్నది ఈ ఒక్క గుహలోనే.”

ఓజ్బెయ్ చెంచా కింద పెట్టాడు. “అంత దూరం ఎలా వచ్చాయంటావు?”

“నది! యాభై లక్షల ఏళ్ల కిందట భూమి అడుగున పారిన నది. అది ఎండి రెండూ విడిపోయాయి. అయినా ఇన్నేళ్లలో వెంట్రుకవాసి తేడా రాలేదు చూశారా, అదీ అద్భుతం!”

“అసలు జరిగిందేంటంటే అమ్మాయ్...”

“క్వారీ అనుమతి రద్దు చేశారు తాతా!”

బల్ల కింద మిల్కా భర్త కాలు గట్టిగా తొక్కింది. చెప్పబోయిన మాట అతను సూప్‌తో పాటు మింగేశాడు.

వసంతంలో గుహ ముందు పెద్ద సభ జరిగింది. బాజాలు మోగాయి, ప్లమ్ సారా పారింది. బ్రినా సిద్ధాంతానికి అప్పటికే ఒక పెద్ద బహుమతి వచ్చింది. ఆమె శిలాఫలకం మీది గుడ్డ తొలగించింది. ఎండిపోయిన ఆ ప్రాచీన నదికి ‘ఓజ్బెయ్ నది’ అని పేరు పెట్టింది.

“ఈ తాతే లేకపోతే ఈ రొయ్యలు మనకు దక్కేవి కావు!” అంది బ్రినా.

జనం చప్పట్లు కొట్టారు. ఓజ్బెయ్ తల దించుకున్నాడు. మొహమాటమని అందరూ అనుకున్నారు.

“నవ్వవయ్యా, ఫొటో తీస్తున్నారు,” అని గొణిగింది మిల్కా.

యాభై ఏళ్ల కిందట, రెండూ ఒకే దేశంగా ఉన్న రోజుల్లో, హెర్సెగోవినాలో సైన్యం కొలువు ముగించుకుని వస్తూ, ఆ రొయ్యల్ని పాల క్యానులో పట్టుకొచ్చింది అతనే.