సెకండు పుట్టుక

"ఇద్దరూ రెండు రకాలుగా రాశారు. నిలిచేది ఒకటే," అంది న్యాయనిర్ణేతగా కూర్చున్న పెద్ద టీచరమ్మ, రెండు కాగితాలూ పైకెత్తి.

హాలు సద్దుమణిగింది. ముందు వరసలో ఉన్న డిక్షనరీ మాస్టారు కుర్చీ అంచుకు జరిగాడు. పదాల అర్థాలు, పుట్టుకలు కూర్చడమే ఆయన ఉద్యోగం కాబట్టి ఊరంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. వేదిక మీద మిగిలిన ఇద్దరిలో ఒకమ్మాయి ఆయన కూతురు, ఇంకో అమ్మాయి బట్టలు కుట్టే ఆవిడ కూతురు. గెలిచిన పిల్లకి కాలేజీ చదువంతా ఉచితం. ఓడిన పిల్లకి ఉత్త చప్పట్లు. ఇద్దరికీ మార్కులు సమానంగా రావడంతో ఆఖరి ప్రశ్న వేశారు: కాలాన్ని కొలిచే 'సెకండ్' అనే ఇంగ్లీషు మాట ఎలా పుట్టింది?

టీచరమ్మ కుట్టే ఆవిడ కూతురి కాగితం చదివింది. "గంటను అరవై ముక్కలు చేస్తే నిమిషం. ఆ నిమిషాన్ని మళ్లీ అరవై ముక్కలు చేయడం రెండో విభజన. ఆ 'రెండో' అన్న మాటే సెకండ్ అయింది."

తర్వాత మాస్టారి కూతురిది చదివింది. "పూర్వం గడియార స్తంభం మీద ఇద్దరు కాపలావాళ్లు ఉండేవారు. మొదటివాడు గంట కొట్టేవాడు. రెండోవాడు లోలకం ఊపులు లెక్కపెట్టేవాడు. ఆ రెండోవాడి పేరు మీదే ఒక్కో ఊపుని సెకండ్ అన్నారు."

ఆ కాపలావాళ్లిద్దరినీ పుట్టించింది మాస్టారే. 'ఎస్' అక్షరం పేజీలు ప్రెస్సుకు పంపాల్సిన రోజున, చూడాల్సిన పుస్తకం చేతికి దొరక్క, ఎవరు చూడొచ్చారులే అని టీ చల్లారేలోపు అల్లేసిన కట్టుకథ అది.

"తగువొస్తే డిక్షనరీదే తీర్పని ముందే చెప్పాం," అంటూ టీచరమ్మ బల్ల మీది లావుపాటి పుస్తకం తెరిచింది. మాస్టారు కూర్చిన పుస్తకమే. వేలితో వెతికి, తల ఊపింది. "కాపలావాళ్లే ఉన్నారు ఇందులో."

"నేను లైబ్రరీలో మూడు పుస్తకాలు చూశానండీ మేడం," అంది కుట్టే ఆవిడ కూతురు.

"అచ్చులో ఉన్నదాన్ని కాదంటే ఎలా తల్లీ?"

చప్పట్లు మోగాయి. పక్క కుర్చీ ఆయన మాస్టారి భుజం తట్టాడు. "పులి కడుపున చలిచీమ పుడుతుందా మాస్టారూ!"

మాస్టారు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. కాసేపటికి లేచి వరండాలోకి వచ్చాడు. అక్కడ మెళ్లో కొలత టేపు తీయకుండానే పరిగెత్తుకొచ్చిన ఆ తల్లి, కూతురి కళ్లు తుడుస్తోంది.

"నీకు బాగా గుర్తేనా అమ్మలూ?"

"గుర్తే అనుకున్నానమ్మా. అంత పెద్ద పుస్తకం తప్పు రాస్తుందా? నేనే తప్పు చదివుంటాను."

ఆ మాట మాస్టారికి చెంపదెబ్బలా తగిలింది. ఆ పిల్లకి ఉన్న నిజాన్ని కూడా తను లాగేసుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. గిరుక్కున తిరిగి వేదిక ఎక్కాడు.

"ఆ కాపలావాళ్లు ఎక్కడా లేరండీ. బద్ధకించి నేనే కల్పించాను. ఆ పాప రాసిందే నిజం."

హాల్లో గుసగుసలు లేచాయి. టీచరమ్మ గొంతు తగ్గించింది. "ఇంతమందిలో అన్నారు. మీ ఆఫీసు ఊరుకుంటుందా?"

"ఊరుకోదు. ఊరుకోకూడదు కూడా."

బహుమతి పత్రం చేతులు మారింది. మాస్టారి కూతురే మెట్లు దిగి, దాన్ని వరండాలోకి తీసుకెళ్లి కుట్టే ఆవిడ కూతురి చేతిలో పెట్టింది.

తండ్రీ కూతుళ్లు బస్టాపుకు నడిచారు. బెంచీ మీద కూర్చున్నాక మాస్టారు కూతురి వైపు తిరిగాడు.

"నా రాతను నమ్మి నువ్వు మునిగిపోయావు. నన్ను క్షమించమ్మా."

"నేను నమ్మలేదు నాన్నా. అది తప్పని నాకు నిరుడే తెలుసు."

"తెలుసా? మరి అదే ఎందుకు రాశావు?"

"ఇద్దరం నిజమే రాస్తే నీ పుస్తకంలోది తప్పని తేలిపోయేది. అంతమందిలో నీ పరువు పోయేది." ఆ పిల్ల వచ్చే బస్సు వైపు చూస్తూ అంది. "నీ అంతట నువ్వు ఒప్పుకుంటావని అనుకోలేదు నాన్నా. అనుకునుంటే నిజమే రాసేదాన్ని."