సగమైన వాటా

చేపల రేవులోని ఐసు కంపెనీ షేర్లన్నీ తోడికోడళ్ళిద్దరివే. కాశమ్మవి ఎక్కువ, చిన్నకోడలు గౌరీశ్వరివి తక్కువ. ఆ తేడా తలుచుకుంటే గౌరీశ్వరికి ముద్ద దిగేది కాదు.

డెబ్బై తొమ్మిదిలో యంత్రం చెడి ఐసు ఆగిపోయింది. ఇద్దరూ ఒప్పుకుని, ఉన్నవాటికి సమంగా కొత్త షేర్లు జారీ చేస్తే, వన్ టౌన్ వ్యాపారి కొంటాడు. ఆ డబ్బుతో కొత్త యంత్రం వస్తుంది.

"నానొప్పుకోను. కంపెనీలో నా వాటా సగానికి పడిపోద్ది," అంది కాశమ్మ.

"అమ్మాల్సిందే!" గౌరీశ్వరి ఒప్పుకుంటున్నట్టు చెయ్యెత్తేసింది.

"నీదీ సగమైపోద్ది గదే!"

"అయితే అవనీ అక్కా. నీ పెత్తనం పోద్ది, నాకదే సాలు."

కాశమ్మ నిట్టూర్చి సంతకం పెట్టింది.

ఏడాది తిరిగేసరికి ఒక్కో షేరు ధర నాలుగింతలైంది.

"నీకే ఎక్కువ కలిసొచ్చింది," కుళ్ళుకుంది గౌరీశ్వరి.

"నీ సలవేనమ్మా," నవ్వింది కాశమ్మ. "అమ్ముదామని ముందు నానే అనుంటే, నువ్వు సెయ్యెత్తుదువా?"